ఇరవయ్యో ఇల్లు

పొద్దుటి నుంచి ముసురు. చెనిక్కాయ పీకేది నిలిపి వచ్చినవాళ్లున్నారు. గనిలో పని దిగి నేరుగా వచ్చినవాళ్లున్నారు. అక్కల్లారా, అన్నల్లారా, మన చర్చి బ్రదర్ చవరప్ప మొన్న పొద్దున ఐదున్నరకు పోయినాడు. నిన్న మట్టి చేసినాం. నన్ను మాట్లాడమన్నారు. నాకు మాట్లాడేది రాదు. లారీలు తిప్పేవాణ్ణి.

పదకొండేండ్లుగా అక్టోబరు నెలంతా సాయంత్రం దినానికొక ఇంట్లో బ్రదర్ మనల్ని కూడేసేవాడు. ఎవరి దేవుడెవరని ఆయన అడగలేదు. అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సాధువు బతుకులోంచి ఒక ముక్క చదివేది, ఈ రోజు చేయబుద్ధి కాని పని ఏమిటో తలా ఒకటి చెప్పేది. అంతే.

మొదటి ఏడు మా ఇంటికొచ్చి, కుర్చీ వేస్తే నేల మీద కూర్చున్నాడు. కుర్చీ వద్దన్నవాడు తగువు పెట్టుకోను వచ్చినాడని మన లెక్క కదా? మా నాయన కాఫీ ఇయ్యనీయలేదు. పోతూ పోతూ బ్రదరే అడిగినాడు: "కాఫీ వాసన వస్తాండాదే అమ్మా, నాకు లేదా?" మా నాయనకే నవ్వొచ్చింది.

ఇంకొకటుండాది, అది చెప్పడం కష్టం. చెప్తాను. నా లారీలు ఖనిజం మీద టార్పాలు పట్టలు కప్పకుండా పోతాయి. దోవ పక్కన హొన్నూరమ్మ మిరప చేను ఆ దుమ్ముకు ఆకులతో సహా ఎర్రగా అయింది. పట్ట కప్పమని ఆమె మూడుసార్లు అడిగింది. "దుమ్ము పడకుండా నీకు లారీ అద్దముండాది, నా చెట్టుకు యాడుండాది కోదండరామప్పా?" అనింది. కప్పడానికి అరగంట పోతుందని నేను వినలేదు. పోయిన నెల బ్రదర్ ఆ చేనులో తడిబట్టతో ఆకులు తుడుస్తా ఉన్నాడు. డెబ్బై ఏండ్ల మనిషి! లారీ దిగకుండానే ఎగతాళి చేసినాను: "ఎన్ని ఆకులని తుడుస్తావు బ్రదరప్పా?" ఆయన తలెత్తలేదు. "నీ బండ్లు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు" అన్నాడు. నేను గేరు వేసి పోయినాను.

 

ఈ నెల పద్నాలుగున, కుష్టురోగి ఎదురైతే ఫ్రాన్సిస్ గుర్రం దిగి ఆ రోగిని వాటేసుకున్న కథ చదివినారు. నా వంతు వచ్చింది. చేయబుద్ధి కాని పని ఏదీ లేదన్నాను. బ్రదర్ పక్కవాళ్ల వైపు తిరిగినాడు.

పంతొమ్మిది ఇండ్లు అయినాయి, ఆయన పోయినాక రెండు దినాలు నిలిచింది. ఈ సాయంత్రం వంతు హొన్నూరమ్మది. ఈ ఏటికి ఆపుదామని కొందరన్నారు. ఆపితే ఎవరికి మేలు? నాకే. ఆమె గడప తొక్కే పని తప్పుతుంది. అందుకే ఆపొద్దంటున్నాను. ఆమెతో చెప్పాల్సింది మైకులో చెప్పేది కాదు. రానిస్తుందో లేదో ఆమె ఇష్టం.

ఇక లేద్దాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోండి, ఆయనైతే అదే అనేవాడు. రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడొద్దు.

(సభ ఐదూ నలభైకి ముగిసింది. ఇల్లు ఊడ్చుకోవాలని హొన్నూరమ్మ ముందుగా వెళ్లింది. కోదండరామప్ప ఆరున్నరకు అదే దోవన నడిచి వెళ్లాడు.)