ఒక్క గుడ్డు కూడా పగల్లేదు

నమ్మే దమ్ముంటేనే చదవండి, లేదంటే ఇప్పుడే గ్రూపులోంచి దిగిపోండి, నాకేం నష్టం లేదు. రేవులో మా మామ బోటుకి డీజిల్ పోస్తున్నాడు, తాళ్ళు విప్పడానికి ఇంకో ఇరవై నిమిషాలుంది, అంతలోపు పోయిన ఎండాకాలం, జనం వదిలేసిన మా పాత ఊరికి దీవిలో కాపలా ఉన్న మా నానీ దగ్గర, అదే మా అమ్మమ్మ దగ్గర, నేను గడిపిన మూడు వారాలూ చెప్పేస్తా.

కేడ్: నలభయ్యోసారి రా జోర్డీ

నలభై ఒకటోసారి కూడా విను, ఇవాళ లెక్క వేరు. ఇవాళ నానీ టోపీ పట్టుకుని ఇంటిల్లిపాదీ అక్కడికే పోతున్నాం, దేవదారు బెరడుతో తను అల్లుకున్న టోపీ, నేను పోయాక దీన్ని మా అమ్మమ్మ ఇల్లు కూలిపోగా మిగిలిన గుంతలో పెట్టండి, అక్కడే మట్టయిపోనీ అని చెప్పి చలికాలంలో పోయింది కదా. ఆ గుంత ఏదో తెలిసిన మొనగాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడే టైప్ చేస్తున్నాడు.

రోండా: అక్కడ గుంతలు పదిహేడున్నాయి. అన్నిటి మీదా నాచే.

రోండా అక్కా నువ్వూ వచ్చావా. పెద్దమ్మ కూతురివి కాబట్టి ఊరుకుంటున్నా. పదిహేడు కాదు, నూట డెబ్భై ఉన్నా కళ్ళకి గంతలు కట్టుకుని పోతా.

సరే వినండి. బోటైతే రోజంతా వాంతులే కాబట్టి నేను నీళ్ళ మీద దిగే విమానమే ఎక్కా. ఎక్కేముందు సామానుతో సహా కాటా మీద నిలబెడతారు కదా, నేను నిలబడ్డా, ముల్లు గిర్రున తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. పైలట్ నోరెళ్ళబెట్టి, బాబూ నీదంతా కండే, బరువెక్కువైపోయింది, ఆ ఇద్దరు టూరిస్టుల్ని దించేస్తా నువ్వు కూర్చో అన్నాడు. దించేశాడు కూడా. ఎందుకు దించడు, అది మా నానీ ఊరు, వాళ్ళ నానీదా?

కేడ్: టికెట్టు కొన్నోళ్ళని దించడం నేనెక్కడా చూళ్ళేదు

నువ్వు చూడనివి చాలా ఉన్నాయ్ లే. ఎగిరాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొగమంచు. పైలట్‌కి తన ముక్కు తనకే కనపడట్లేదు, వాళ్ళమ్మని తలుచుకుని ఏడుస్తున్నాడు. నేను తలుపు తీసి, గాల్లోనే, విమానం కాలి మీదకి దిగి, చొక్కా విప్పి అద్దం తుడిచా. ఒక్క చేత్తో. రెండో చేతిలో నానీకి తీసుకెళ్తున్న గుడ్ల ట్రే. ముప్ఫై గుడ్లు, ఒక్క గుడ్డు కూడా పగల్లేదు.

కేడ్: పళ్ళతో పట్టుకోలేదా

పళ్ళతో పైలట్ కాలర్ పట్టుకున్నా, వాడు సీట్లోంచి జారిపోతుంటే. దిగుదామంటే నీళ్ళు ఖాళీ లేవు, అన్నీ తిమింగలాలే. ఒకదాని వీపు మీద దించమన్నా. దించాడు. అది మెల్లగా ఈదుకుంటూ వచ్చి మమ్మల్ని ఒడ్డు దగ్గర వదిలి, తోకతో టాటా చెప్పి పోయింది. నేను దూకి సరాసరి ఇసకలో నడుచుకుంటూ వెళ్ళిపోయా.

రోండా: దిగేముందు రేడియోలో అడిగావా?

నేనెందుకు అడుగుతా, నా నానీ, నా ఊరు.

కేడ్: ఒరేయ్ అందరూ అడుగుతారు కదరా. మా తాత ఆ ఊళ్ళో కాపలా కాసినోడు, ఆయనకి కూడా లోపల్నుంచి రా అన్నాకే పడవ దిగడం అలవాటు. సొంతోళ్ళయినా నీళ్ళల్లో ఆగాల్సిందే

ఆ అడిగా. చెప్పడం మర్చిపోయా. అడిగా, నానీ వచ్చెయ్ రా అంది. అయ్యిందా? మధ్యలో ఆపితే ఫ్లో పోతుంది నాకు.

మర్నాడు హాలిబట్ చేపకి గాలం వేశా. తగిలింది. పడవని లాక్కుంటూ దీవి చుట్టూ మూడుసార్లు తిప్పింది, నాలుగోసారి నేనే దాన్ని తిప్పా. ఒడ్డుకి లాగాక చూస్తే సముద్రం మూడడుగులు తగ్గింది. అది కోస్తుంటే వాసనకి ఎలుగుబంటి వచ్చింది. నేను కత్తి చూపించి, లైన్లో నిలబడు అన్నా. నిలబడింది, వెనకాల ఇంకో పదకొండు నిలబడ్డాయ్. పన్నెండింటికీ నానీ టీ కూడా పోసింది.

కేడ్: చక్కెర ఎన్ని చెంచాలు

మూడు. ఇక ఆఖరి రోజు నానీ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుంత చూపించింది. ఇక్కడే మా అమ్మమ్మ పుట్టింది, నీకొక్కడికే చెప్తున్నా అంది.

రోండా: ఎక్కడ?

లోపలికి. పెద్ద చెట్టు పక్కన. ఇంటి ముందు పాతిన చెక్కుడు కొయ్యస్తంభం ఒకటి పడిపోయి ఉంటుంది.

రోండా: అన్ని గుంతల ముందూ స్తంభాలు పడిపోయే ఉన్నాయి జోర్డీ.

అక్కా నీ ప్రాబ్లమేంటి?

రోండా: పొద్దున్నుంచి నీకు విడిగా మూడు మెసేజ్‌లు పెట్టా, చూసి వదిలేశావ్. అందుకే ఇక్కడ రాస్తున్నా. పోయిన ఎండాకాలం కాపలా ఊళ్ళన్నిటికీ సాయంత్రం రేడియో హాజరు తీసుకుంది నేనే. ఎక్కడ ఎంతమంది ఉన్నారో చెప్పాలి. పాత ఊరు, ఇద్దరు. నానీ, ఆవిడతో కాపలా ఉన్న ఎర్ల్ తాత. ఇరవై ఒక్క రోజులు రాసుకున్నా, ఒక్కరోజు కూడా ముగ్గురనలేదు.

కేడ్: ఏంటి

రోండా: కాటా దగ్గర బరువెక్కువైంది. దించింది నిన్ను. మర్నాడు పొద్దున ఇంకో విమానం ఉంది వెళ్ళు అన్నారు. మా ఊరికి నాకే సీటు లేదా అని అలిగి, ఫెర్రీ ఎక్కి రూపర్ట్ టౌన్లో మీ నాన్న దగ్గరికి పోయావ్. గుడ్లు వెళ్ళాయి, నువ్వెళ్ళలేదు. ఆ సాయంత్రం నానీ రేడియోలో ఏమందో తెలుసా? "గుడ్లొచ్చాయి, ఒక్కటి కూడా పగల్లేదు. పిల్లాడేడి?"

రోండా: నేను పొగమంచు అని చెప్పా. మర్నాడూ అదే చెప్పా. నాలుగో రోజుకి అడగడం మానేసింది.

నానీ ఎవరికీ చెప్పలేదు కదా. వచ్చాక అందరి మధ్యా కూర్చుని నా కథలన్నీ వింది. ఒక్కసారీ కాదనలేదు.

రోండా: అదే కదా. నువ్వే వచ్చి నిజం చెప్తావని కూర్చుంది. నువ్వు ఆవిడ ఇంటి ముందు నుంచి పోవడమే మానేశావ్.

నీకు చెప్పిందా ఆ గుంత ఏదో?

రోండా: అడిగా. హాస్పిటల్లో కూడా అడిగా. వాడొచ్చి అడుగుతాడు, వాడికే చెప్తా అంది.

కేడ్: అంటే ఎవరికీ తెలీదా

రోండా: పదిహేడు, జోర్డీ. బోటు కదలకముందే మీ అమ్మకి చెప్పు.

అక్కా ఏదో ఒక గుంత నువ్వే

ఆగు, రేవులోంచి అమ్మ పిలుస్తోంది. టోపీ నన్నే పట్టుకోమంటోంది. ఊరు రాగానే ముందు నేనే దిగాలంట, దారి నాకే