రెండు కండ్ల చట్టం

కోసిగి దగ్గర ఒక ఊరి సచివాలయం. ఓటర్ల జాబితా చూసే పద్మ ఎదుట, మాజీ సర్పంచ్ బసప్ప, జాబితాలోంచి పేర్లు తీసేయమని వచ్చిన రెండు ఆక్షేపణల కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. ఈ మధ్యాహ్నం కోసమే ఆమె పదకొండేళ్లుగా కాచుకుని ఉంది.

"నా పేరు తీసేకి నువ్వెవరు పద్మమ్మా?"

"నేనెవర్నీ కాదన్నా. మీరు ఆదోనిలో ఉండారని రిపోర్టు రాసినా. తీసేది పై ఆఫీసరు."

"ఆదోనిలో ఉండానని ఎవురు సెప్పినారు?"

"మీరే. గృహప్రవేశం కార్డు ఊరంతా పంచితిరి. 'ఇకమీదట మా నివాసం ఆదోని' అని బంగారు అక్షరాలతో ఏపిస్తిరి. ఈ ఊర్లో ఇల్లు అమ్మేస్తిరి. ఆ కార్డే ఫైల్లో పెట్టినా."

"కార్డుదేముంది, సోకుకు ఏపిస్తాం. వచ్చే నెల నామినేషన్. ఓటు లేకుంటే నేనెట్ల నిలబడేది?"

"మా నాయన కూడా ఇదే అడిగినాడు మిమ్మల్ని."

"ఆ పాత మాటలు ఇప్పుడెందుకు..."

"మా నాయన యేసేపు మీ మీద నిలబడతాడని తెలిసి, మేము సుగ్గికి గుంటూరు పక్క మిరపకోతకు వలసపోయినప్పుడు, ఊరిడిసి పోయినారని రాసిచ్చి పేరు తీపిస్తిరి. తిరిగొచ్చి అడిగితే 'చట్టం అప్పా, నేనేం జేసేది' అంటిరి. ఆ మాటే తల్చుకుంటా తల్చుకుంటా సచ్చిపోయినాడు."

"అంటే పగ."

"పగే. దాసేదేముంది. కానీ నేను అబద్ధం రాయలేదు. మీరు రాసినారు."

"సదువుకున్నదానివి. చట్టమంటే మనుషుల కోసమే గదా..."

"ఆదోని కాలేజీలో మా సారు గ్రీకు దేశం పాఠం సెప్తాండె. మనిషి ఏలితే వాని కోపమూ, వాని ఇష్టమూ ఏలతాయంట. అందుకే చట్టం ఏలాలంట. అధికారి దానికి జీతగాడంట."

"నీకు కోపం లేదా మరి?"

"ఉంది. అందుకే ఇంకో కత కూడా మర్సిపోలేదు. ఆడ ఒక పెద్దాయన, తప్పు జేసినోని రెండు కండ్లూ పీకాలని చట్టం పెట్టినాడంట. తీరా తప్పు జేసింది ఆయప్ప కొడుకే. ఊరంతా వదిలేయమన్నారు. కొడుకుది ఒక కన్ను పీకిచ్చి, రెండోది తనది పీకిచ్చుకున్నాడంట."

"కతలు పక్కన పెట్టు. ఈ తూరి మీ యమ్మ హుసేనమ్మ నా మీద నిలబడతాదంట గదా. రెండేండ్ల నుంచి యాడుంది ఆయమ్మ? ఎమ్మిగనూరులో, నీ ఇంట్లో. ఆయమ్మ పేరుంటాది, నా పేరు పోతాదా? ఇదేనా మీ గ్రీకోళ్ల న్యాయం?"

"ఆ కాయితాల్లో మొదటిది సూసినారా అన్నా?"

"నాది రెండోది. అదే సూసినా."

"మొదటిది సదవండి."

"హుసేనమ్మ... భర్త యేసేపు... ఇదేంది?"

"రెండింటి మీదా ఏలిముద్ర మాయమ్మదే. 'ముందు నా కన్ను పీకు, ఆ ఎనకనే ఆయప్పది' అనింది."