ఒకే తానులో ముక్కలు

మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసి, దర్జీ ఒంటరిగా ఫోన్‌లో చదరంగం ఆడుతున్నాడు. ఏడాదిగా అవతల ఆడేది ముక్కూమొహం తెలియని మనిషి. మాటలన్నీ టైపు చేసుకోవడమే.

"ఆ పార్టీవాళ్ళంతా ఒకే తానులో ముక్కలండీ," అని దర్జీ టైపు చేశాడు.

"అందరూనా? వాళ్ళలో మీకు కావలసినవాళ్ళెవరూ లేరా?"

"మా తమ్ముడున్నాడు. ఎన్నికలప్పుడు మాటామాటా పెరిగింది. మూడేళ్ళయింది వాణ్ణి చూసి."

"గుర్తొస్తాడా?"

"రోజూ. వాడు తప్ప నాకెవరున్నారు?"

"మరి ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని? ఇంట్లోంచి పొమ్మన్నది నేనే."

ఈసారి అవతలినుంచి వచ్చింది టైపు చేసిన మాట కాదు. ఫోన్‌లోంచి మొదటిసారిగా గొంతు వినిపించింది.

"నేనే, అన్నయ్యా. నా పేరుతో వస్తే నువ్వు ఆడవని పేరు మార్చుకున్నాను."

దర్జీ ఆట వదిలేసి ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏడాది పట్టిందట్రా, అన్నయ్యా అనడానికి?"