నంబరు వైపు చూసే పిల్ల

ఫ్లాషు నోరు తెరిచాడంటే టీ కొట్టు ముందున్న రెండు బెంచీలూ నిండిపోతాయి. ఆయన అసలు పేరేమిటో ఎవరికీ పట్టలేదు. ఫోటో స్టూడియో నడుపుతాడు కాబట్టి ఫ్లాషు అన్నారు. ఒక్క క్షణం కళ్ళు జిగేల్మనిపించి, ఆ తర్వాత కాసేపు ఏమీ కనబడకుండా చేస్తాడు కాబట్టి కూడా అన్నారు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియోలో కుర్చీ ఖాళీగా ఉంటోంది. ఆ బాధ మనిషిని మరీ వాగిస్తోందని టీ కొట్టావిడకి తెలుసు, అందుకే కసరదు.

ఆ సాయంత్రం బెంచీ చివర కుట్టుమాస్టారు వచ్చి నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి, టీ కొట్టు కబుర్లకి ఎప్పుడూ రాడు. చొక్కా జేబులో ఫ్లాషు విజిటింగ్ కార్డు ఉంది. పొద్దున్న ఎవరో దాని వెనక ప్యాంటు కొలతలు రాసి ఇచ్చారు. నడుము, పొడుగు చదువుకుని, యథాలాపంగా ఇటు తిప్పి చూస్తే కార్డు మీద ఆయన కూతురు నవ్వుతోంది.

ఆరు నెలల కిందట బస్సు కింద పడి పోయిన కూతురు. ఫోనూ ఆ చక్రాల కిందే నలిగిపోయింది, దానిలో ఉన్న ఫోటోలన్నీ దానితోనే పోయాయి. ఇంట్లో మిగిలింది ఉద్యోగం అప్లికేషన్ కోసం ఆ పిల్ల ఎక్కడో తీయించుకున్న చిన్న ఫోటో ఒక్కటే. పెదాలు బిగించి, ఎవరో కసిరితే ఉలిక్కిపడినట్టు ఉంటుంది. దాన్నే పెద్దది చేయించి గోడకి పెడితే, రెండో రోజుకే ఆయన భార్య తీసి బీరువాలో బట్టల కింద పెట్టేసింది. "ఇది నా పిల్ల కాదు, ఆఫీసువాళ్ళ కాగితం" అంది. అప్పటి నుంచీ గోడకి మేకు ఒక్కటే ఉంది.

కానీ ఒక చిక్కుంది. కార్డు మీది పిల్ల వేసుకున్న తెల్లచొక్కా ఆయన కుట్టినట్టే ఉంది. ఆడపిల్ల చొక్కాకి జేబెందుకే అంటే, "పెన్ను నీ చెవిలో పెట్టుకోనా నాన్నా?" అని పోట్లాడి మరీ ఎడమ పక్కన పెట్టించుకుంది. కార్డులో ఆ జేబు కుడి పక్కన ఉంది. ముప్పై ఏళ్ళలో ఆయన చెయ్యి కుడి పక్కన జేబు పెట్టి ఎరగదు. మనిషిని పోలిన మనుషులుంటారు. ఎవరి బిడ్డనో ఇంటికి పట్టుకెళ్ళి "ఇదిగో, నవ్వుతోంది చూడు" అంటే ఆ తల్లి ఇంకోసారి చచ్చిపోతుంది. ముందు ఎవరో కనుక్కోవాలి. తన బిడ్డే అయితే పెద్ద ఫోటో అడగాలి.

"ఒక్క మాట బాబూ..." అన్నాడు.

"కూర్చో మాస్టారూ, కూర్చో! మంచి టైముకొచ్చావు, కార్డు సంగతే చెబుతున్నా" అన్నాడు ఫ్లాషు. కార్డు సంగతి అనేసరికి మాస్టారు కూర్చున్నాడు.

"చిన్న విషయమే అనుకోండి. మొన్నామధ్య పెళ్ళి హాల్లో వంద కార్డులు పంచా. మామూలుగా ఏమవుతుంది? సాయంత్రానికి హాలు ఊడ్చేవాడు చీపురుతో కుప్ప పోస్తాడు, అన్ని కార్డులూ అందులోనే ఉంటాయి, మనం కళ్ళారా చూసి తల వంచుకుని వచ్చేస్తాం. ఆ రోజేమైందో తెలుసా? ఆ ఊడ్చేవాడు నా దగ్గరికొచ్చి, 'సార్, హాలంతా గాలించాను, మీది ఒక్కటీ దొరకలేదు, నాకొకటి ఇప్పించండి' అన్నాడు!"

"అట్ట గట్టిగా ఉంది కదా, పళ్ళు కుట్టుకోడానికి దాచుకుని ఉంటారు" అన్నాడు వ్యాను డ్రైవరు.

"నవ్వరా, నవ్వు. మిగతా స్టూడియోల కార్డులు చూశావా ఎప్పుడైనా? కెమెరా బొమ్మ, పక్కన రీలు బొమ్మ, చుట్టూ పూలతీగ, కింద పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, జిరాక్సు, ల్యామినేషన్, తాళాలకి డూప్లికేట్లు... అది కార్డా, కిరాణా చీటీనా? నా కార్డు మీద మూడే మూడు. పేరు, నంబరు, ఒక ముఖం. నంబరు ఎంత ఉంటుందనుకున్నావ్, ముసలమ్మ కూడా కళ్ళజోడు వెతుక్కోకుండా చదివేస్తుంది. వెనక వైపు ఖాళీ. ఖాళీ ఎందుకో చెప్పు?"

"అచ్చుకి సిరా మిగులుతుందని" అన్నాడు ప్రెస్సాయన. కార్డులు వేసింది ఆయనే.

"జనం ఏదో ఒకటి రాసుకుంటారని! అడ్రసో, మందు పేరో, కొలతలో. చేత్తో రాసుకున్న కాగితం ఎవడూ పారెయ్యడు. అదీ కిటుకు!"

ఆ ఒక్కటీ మాత్రం నిజమేనని మాస్టారి జేబుకి తెలుసు.

"అంతకంటే పెద్ద కిటుకు ఇంకోటుంది. ముఖం ఎటు చూస్తే, చూసేవాడి కన్ను అటు పోతుంది. నా ఫోటోలో ఆ పిల్ల అవతలికి చూస్తోంది. ఫోటో పెట్టేదేమో కార్డుకి ఈ చివర. అంటే ఏమైంది? నా నంబరుకి వీపు పెట్టి రోడ్డు మీదికి చూసి నవ్వుతోంది! ఈ ప్రెస్సాయన, ఫోటోని ఆ పక్కకి జరుపుదాం గురూ అంటాడు. జరపడం కాదయ్యా, పిల్లని ఇటు తిప్పు అన్నాను. అద్దంలో బొమ్మ తిరగబడుతుంది చూడు, అలా తిప్పేశాం. ఇప్పుడు ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది, పిల్ల ఎంచక్కా నా నంబరు వైపు చూసి నవ్వుతోంది. చూసినవాడు ఫోను చెయ్యక ఛస్తాడా?"

మాస్టారి చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. ఎడమ కుడి అయింది. చొక్కా తిరగబడింది, జేబు తిరగబడింది. అది తన కుట్టే, తన బిడ్డే. అడగడానికి నోరు తెరిచాడు. కానీ ఫ్లాషు మాటల మధ్య సూది దూర్చే సందు కూడా లేదు.

"ఇక అక్కణ్ణుంచి చూడండి! బస్సులో జేబుదొంగ ఒకడి పర్సు కొట్టేశాడు. అందులో ఉన్నదంతా పర్సుతో సహా పోస్టులో వెనక్కి పంపించేసి కార్డు ఒక్కటీ ఉంచుకున్నాడు. వారం తిరక్కుండా పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని నా స్టూడియోకొచ్చాడు. 'ఇలాంటి నవ్వు మా పిల్లలకీ పెట్టండి సార్, దొంగతనాలు మానేస్తా' అన్నాడు. మానేశాడు కూడా!"

"పోలీసుల పొట్ట కొట్టావన్నమాట" అన్నాడు డ్రైవరు.

"అదొక లెక్కా? మొన్న వరదలొచ్చాయా? ఒకాయన ఇల్లు గోడలతో సహా కొట్టుకుపోయింది. ఆయన రెండు రోజులు దూలం పట్టుకుని తేలాడు. పడవవాళ్ళు పైకి లాగితే ఒంటి మీద బట్ట లేదు గానీ గుప్పిట్లో నా కార్డుంది. తడవలేదు! తడి అంటలేదయ్యా, నీళ్ళే పక్కకి తప్పుకున్నాయి!"

"మా ప్రెస్సులో వాడే అట్ట టీ పడితేనే ఉబ్బిపోతుంది కదా గురూ" అన్నాడు ప్రెస్సాయన.

"ఉబ్బేది నీ అట్ట. ఆ నవ్వున్న అట్ట ఉబ్బదు. ఇంకా వినండి. ఆసుపత్రిలో ఒకడికి ఆపరేషన్ చేస్తుంటే గుండె ఆగిపోయింది. డాక్టరు గ్లవ్స్ తీసేశాడు. నర్సు ముఖం మీద దుప్పటి కప్పేసింది. వాడి సామాను ఇంటివాళ్ళకి ఇద్దామని చొక్కా విదిలిస్తే నా కార్డు జారి, ముఖం పైకి వచ్చేట్టు వాడి గుండెల మీద పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దుప్పటి కదిలింది! లేచి కూర్చుని, 'ఎవరీ పిల్ల, ఎంత హాయిగా నవ్వుతోంది' అన్నాడు! ఆ నవ్వు చూస్తే చచ్చినవాడు లేస్తాడయ్యా!"

డ్రైవరు తొడ చరిచి నవ్వాడు. టీ కొట్టావిడ మాత్రం నవ్వలేదు. కుట్టుమాస్టారి ఇంట్లో ఏం జరిగిందో ఆవిడకి తెలుసు. కార్డు మీద ఎవరున్నారో మాత్రం ఆవిడ ఎప్పుడూ పట్టి చూడలేదు. ఇప్పుడు గల్లాపెట్టె మీది కార్డు తీసి చూసింది. "బాబాయ్, చాల్లే ఇక. టీ చల్లారిపోతోంది" అంది.

"ఉండవమ్మా, అసలు సంగతి ఇప్పుడొస్తోంది."

"ఇంతకీ ఎవరు బాబాయ్ ఆ పిల్ల?" అన్నాడు డ్రైవరు.

అదే ప్రశ్న అడగడానికి వచ్చిన మాస్టారు బెంచీ అంచు పట్టుకున్నాడు.

ఫ్లాషు ఒక్క క్షణం ఆగాడు. అరచేతిలో వైకుంఠం చూపించేవాడికి ఆ క్షణం చాలు. "ఎవరనుకున్నావ్? పెద్దింటి పిల్ల. నా పేరు విని విమానం దిగి తిన్నగా నా స్టూడియోకే వచ్చింది. ఒక్క ఫోటో, ఒక్కటే క్లిక్కు. ఆ ఫోటో చూసి దేశదేశాలవాళ్ళు ఉద్యోగాలిస్తామని ఎగబడ్డారు. ఇప్పుడు సముద్రం అవతల ఉంటోంది. అయినా నన్ను మర్చిపోలేదు. పోయిన ఆదివారం కూడా ఫోను చేసింది."

టీ కొట్టావిడ గరిట పక్కన పెట్టేసి, "బాబాయ్!" అని గట్టిగా అంది. మాస్టారు ఆవిడ వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

అబద్ధమని ఆయనకి తెలుసు. తన చేతుల్తో మట్టి వేసి వచ్చిన మనిషికి తెలియకపోవడమేమిటి? అయినా పోయిన ఆదివారం ఫోను చేసింది అన్న మాట చెవిన పడగానే గుండె ఎగిరింది. ఎంత మంచి మాట అది! ఇంకొంచెం వినాలనిపించింది. వినాలనిపించినందుకు సిగ్గేసింది కూడా. సిగ్గుతోనే అడిగాడు.

"ఏమంది బాబూ?"

బెంచీ చివర నుంచి కొత్త గొంతు వినిపించేసరికి ఫ్లాషుకి హుషారు వచ్చేసింది. "అలా అడుగు మాస్టారూ! ఏమంటుందీ... అంకుల్, ఇక్కడ కిటికీ తీస్తే సముద్రమే, బాగా తింటున్నాను, ఒళ్ళు కూడా చేశాను, నా గురించి ఎవరూ బెంగ పెట్టుకోవద్దని చెప్పండి అంది."

"ఎవరికి చెప్పమంది?"

"ఎవరికేమిటి, అందరికీ. వాళ్ళమ్మకి, వాళ్ళ నాన్నకి. ఆయన తక్కువవాడా? రెండు బట్టల మిల్లులున్నాయి. మొన్న నన్ను పిలిచి..."

"వాళ్ళ నాన్నకి మిల్లుల్లేవు బాబూ" అన్నాడు మాస్టారు. "కుట్టుమిషనుంది. ఆ చొక్కా నేనే కుట్టాను. ఆ పిల్ల పోయి ఆరు నెలలైంది."

జేబులోంచి కార్డు తీసి బెంచీ మీద పెట్టాడు. డ్రైవరు గ్లాసు కింద పెట్టేసి తల దించుకున్నాడు. ప్రెస్సాయన కార్డు వంకా మాస్టారి వంకా మార్చి మార్చి చూశాడు.

"నువ్వు అడక్కుండా వేశావని తగువుకి రాలేదు బాబూ. అసలు ఫోటో పెద్దది కావాలి. మా ఇంట్లో ఉన్నదాంట్లో అది నవ్వదు."

"లేదు మాస్టారూ" అన్నాడు ఫ్లాషు. ఆ గొంతు అక్కడ ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. "అప్లికేషన్ ఫోటో తీసే ముందు లైటు సరిచూసుకోవడానికి ఒకటి నొక్కాను. అది బాగా వచ్చింది. కార్డు సైజుకి కోసి ప్రెస్సుకిచ్చి మిగతాది చెరిపేశాను. కంప్యూటర్లో చోటు లేక."

మాస్టారు ప్రెస్సాయన వైపు తిరిగాడు.

"నా దగ్గరున్నదీ ఇంతే అన్నయ్యా" అన్నాడు ప్రెస్సాయన. "పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, ముఖం ఉండదు. కావాలంటే మళ్ళీ ఇటు తిప్పి, ఇదే సైజులో మంచి కాగితం మీద వేసిస్తాను. జేబు ఎడమ పక్కకి వచ్చేస్తుంది."

"వెయ్యి బాబూ" అన్నాడు మాస్టారు. బొటనవేలంత ముఖం. మేకుకి తగిలించేది కాదు, వాళ్ళమ్మ గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే. సరే, అంతే ప్రాప్తం అనుకున్నాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏం చెప్పి నవ్వించావు బాబూ దాన్ని?"

ఫ్లాషు అర్థం కానట్టు చూశాడు.

"ఫోటోలంటే దానికి భయం. కెమెరా ముందు బిగుసుకుపోయేది. నీ దగ్గర అంతలా నవ్విందంటే నువ్వేదో అని ఉంటావు. ఏమన్నావు? అదేమంది?"

ఫ్లాషు కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఆ ముఖాన్ని నిజంగా చూడటం అదే మొదటిసారి అన్నట్టు చాలాసేపు చూశాడు.

"గుర్తు లేదు మాస్టారూ" అన్నాడు. "అప్లికేషన్ ఫోటోలకి ఎవరెవరో వచ్చిపోతుంటారు. ఆ పిల్ల నాకు గుర్తు లేదు."

మాస్టారు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇంటి దగ్గర ఆవిడ మొదట అడగబోయేది ఇదే. ఎందుకు నవ్వింది, ఏమని నవ్వింది అని అడుగుతుంది.

"ఏదో ఒకటి చెప్పు బాబూ" అన్నాడు. "ఏదైనా ఫర్లేదు. వాళ్ళమ్మకి చెప్పుకోవాలి."

బెంచీల మీద అందరూ ఫ్లాషు వైపే చూశారు, చెప్పమన్నట్టు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒక్క ముక్క కూడా రాలేదు.