కాఫ్తాన్‌కి బెల్టేమిటి వదినా?

బెల్టా? కాఫ్తాన్‌కి బెల్టేమిటి వదినా? ఎవరు కుట్టమన్నారు మిమ్మల్ని? మెడ దగ్గర హుక్కు ఊడింది, కాస్త వేసిపెట్టండి అన్నాను. ఒక్క హుక్కు! మీరేమో ఒంటి మీద వదులుగా జారాల్సిన బట్టనే మార్చేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట, అలా ఉంది నా పని.

లేవకండి, కూర్చోండి. తలుపు గడియ పెట్టాను, ఎవరూ రారు. మీ తమ్ముడు కింద కారు తుడుస్తున్నారు. ఆయన టెన్షన్ ఆయనది.

ఇవాళ నాకెంత పనో తెలుసా మీకు? కొత్త లైబ్రరీ భవనం తెరుస్తున్నారు. ఛైర్మన్ గారు స్టేజీ మీద అందరి ముందూ తాళంచెవి పెద్ద లైబ్రేరియన్ చేతికిస్తారు. అంటే నా చేతికి. ఇన్నేళ్ళూ ఆ పాత గోడౌన్లో నెత్తి మీద పెచ్చులూడుతుంటే, వాన పడ్డప్పుడల్లా బకెట్లు మోసి పుస్తకాలు కాపాడిందెవరు? "మేడమ్‌కి ఒంట్లో బాగాలేదు కదా, తాళంచెవి నేను తీసుకుంటాలెండి" అంటున్నాడు మా సూపరింటెండెంటు. వాడెవడండీ తీసుకోడానికి? ఒక్కనాడు ఒక్క బకెట్టు పట్టిన మొహమేనా అది?

ఆఁ? ఏమన్నారు? వదులుగా ఉంటే నైటీలా ఉంటుందనా?

అదీ సంగతి! మీరూ ఆ మాటే అన్నారన్నమాట. సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు నేను కాఫ్తాన్‌లో వెళితే ఆ సూపరింటెండెంటూ అదే అన్నాడు. నాతో కాదులెండి, అంత ధైర్యమా వాడికి! టైపిస్టుతో అన్నాడు. "మేడమ్ గారు నిద్ర లేచి అలాగే వచ్చేశారు" అని. నేను బీరువా వెనకే ఉన్నాను. ఇవతలికొచ్చి అడిగాను. "ఇది నైటీ అయితే మీరు వేసుకున్న ఆ లాల్చీ ఏమిటి బాబూ, పొట్టి నైటీయా?" అని. టైపిస్టు టీ కప్పు కింద పెట్టేసి మరీ నవ్వింది. వాడు మాత్రం ఆ రోజు నుంచి ప్యాంటూ చొక్కాలోకి దిగాడు.

నాకు తెలీదా వదినా, ఏది ఇంటికో ఏది సభకో? ఇప్పుడు ఒంటి మీదున్న ఈ పూల కాటన్‌ది ఇంటికి. పిక్కల దాకానే ఉంటుంది, జేబులున్నాయి, ఎన్ని ఉతుకులు ఉతికినా ఏడవదు. మీ చేతిలో ఉన్న ఆ పట్టుది ఎన్ని షాపులు తిరిగితే దొరికిందనుకున్నారు! షాపమ్మాయి జిగేలుమనే రాళ్ళవన్నీ నా ముందు పోసింది. రాళ్ళుంటే సభకి తగ్గ బట్ట అయిపోతుందా? నేను అద్దంలోకి చూడనే లేదు. ట్రయల్ రూములో స్టూలు వేయించుకుని కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. "ఏమైంది ఆంటీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అంటుంది ఆ పిల్ల. స్టేజీ మీద కూర్చుని లేవాలి కదమ్మా, ఆ బట్ట నాతో పాటు లేస్తుందో ఒంటికి అంటుకుపోతుందో చూసుకోవద్దూ?

చివరికి ఇది నచ్చింది. ముదురు నీలం. బరువైన పట్టు, భుజాల నుంచి నిటారుగా కిందికి దిగుతుంది. చేతులు మణికట్టు దాకా. తలుపు గొళ్ళేనికి తగులుకునే రెక్కల బాపతు కాదు. మెడ మూసినట్టుంటుంది కాబట్టి చూసేవాళ్ళు మొహమే చూస్తారు. అలాంటి దాన్ని పట్టుకుని మీరు నడుం దగ్గర బిగించి పారేశారు!

సరే, విప్పేయండి. మీ చేతిలో పనే కదా. కుట్టు లోపల అదనంగా గుడ్డ వదిలారు కదా?

వదల్లేదా?

కత్తిరించేశారా! రెండు వైపులా? ఎంతమంది జాకెట్లు కుట్టారండీ మీరు, లోపల గుడ్డ వదలకుండా ఎవరికైనా కుట్టారా? నా దానికే వచ్చిందా ఆ ముచ్చట!

ఆ మూటేమిటి? చీరా? నా కోసం తెచ్చారా? వద్దు వదినా. వద్దన్నానా... బాగుంది, చాలా బాగుంది, నేను కట్టను. మొండితనం కాదు. ఫ్యాషనూ కాదు. అబ్బ, మీకెలా చెప్పను?

ఇలా రండి. ఇటు, వెలుతురులోకి. చూడండి.

భయపడకండి. సంచీ అది. పేగుకి చిన్న ఆపరేషన్ అని మీకు ఫోన్లో చెప్పాం చూడండి, అది చిన్నది కాదు. గడ్డతో పాటు పేగు కొంత తీసేశారు. ఇక నుంచి దొడ్డికి ఇదే దారి. లేదు, మళ్ళీ కలపడం కుదరదట. డాక్టరు ఇంత పొట్ట ఉండగా ఎక్కడ పెట్టాడో చూశారా? సరిగ్గా కుచ్చిళ్ళు దోపే చోట! లంగా బొందు బిగిస్తే దీని మీదే పడుతుంది. మీ బెల్టూ దీని మీదే పడుతుంది. నొక్కుకుంటే నిండింది పక్కల నుంచి కారుతుంది. స్టేజీ మీద, ఛైర్మన్ గారి పక్కన. అర్థమైందా?

మీ తమ్ముడికి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు.

అయ్యో, ఏడుస్తారేంటి? ఆ పట్టు పక్కన పెట్టి ఏడవండి, మరకలు పడితే పోవు. మీ తప్పేం లేదు. నేను అందంగా కనబడాలనే కదా మీరు కత్తెర పట్టారు. తిట్టానా? తిట్టాను, సరే. ఇంకో రెండు మాటలు మిగిలున్నాయి, సభయ్యాక తిడతాను.

ఉండండి, ఉండండి. ఈ బెల్టు దేనితో కుట్టారు? పక్కల తీసిన గుడ్డతోనేనా? పారేయలేదు కదా! అయితే విప్పండి దీన్ని. రెండు ముక్కలు చేసి ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి. పొడుగు చాలకపోతే చంక దాకా వద్దు, నడుం దగ్గర అతుకు పడితే చాలు. మిషను ఆ కిటికీ కింద ఉంది. కళ్ళు తుడుచుకోండి, లేకపోతే సూది కనబడదు.

భయం లేదా అంటే ఎందుకు లేదు? ఈ సంచీ ఒక్కోసారి గుర్రుమంటుంది, నా మాట వినదు. హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అంటుంది, మాయదారిది. అననీ. తాళంచెవి పట్టుకున్న చెయ్యి మాత్రం వదలను.

ఒక్క మాట చెప్పనా? ఎవరితోనూ అనకండి. అందరితోనూ నాకు కాఫ్తాన్లంటే పిచ్చి అని చెప్పుకుని తిరుగుతున్నాను కదా. అబద్ధం. నాకు చీరలంటే ప్రాణం వదినా. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి బీరువా తలుపు తెరిచి, వాటిలో మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పిలుస్తున్నా లేవలేదు. మీరా మూట విప్పగానే ప్రాణం లాగేసింది. అందుకే కసిరాను.

అదిగో, హారన్ కొడుతున్నారు మీ తమ్ముడు. కొట్టనివ్వండి. రెండో వైపు కూడా కానివ్వండి. నీలం దారం అయిపోయిందా? నల్లది ఎక్కించండి, ఫర్వాలేదు. తాళంచెవి అందుకోడానికి చెయ్యెత్తితే అతుకు కనబడుతుందంటారా? కనబడితే కనబడనీ. ఎవరైనా అడిగితే, మా వదిన కుట్టింది, ఆవిడకి బెల్టులంటే ఇష్టం అని చెప్తాను.