ఫైలు వచ్చేదాకా

గాజు గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఇద్దరు ఆడవాళ్లు ఒకే స్క్రీన్‌ వైపు చూస్తున్నారు.

"అక్కా, ఈ డౌన్‌లోడ్ టూల్ ఎలా వాడాలో ఏఐ ఏజెంట్లకి రాసిచ్చేస్తే నీ రాజీనామా ఒప్పుకుంటానన్నారుగా సార్. ఇంకేం మిగిలింది?"

"ఒక్క లైనే. ఫైలు రాకపోతే ఏజెంటు ఏం చెయ్యాలో."

"రాసి పారెయ్."

"రాశానే! 'రెండుసార్లు ప్రయత్నించు, రాకపోతే ఆపేసి మనిషికి చెప్పు' అని. సార్ కొట్టేశారు."

"ఎందుకూ?"

"ఆపొచ్చంటే ప్రతిదానికీ ఆపేస్తుందట. వచ్చేదాకా అడుగుతూనే ఉండాలట."

"అవతల అసలు ఆ ఫైలే లేకపోతే?"

"నేనూ అదే అడిగాను. నవ్వేసి, 'నువ్వెళ్లిపోతే ఇలాంటివి ఎవరు పట్టుకుంటారమ్మా? ఇంకో నెల ఉండు' అన్నారు."

"పోయిన నెలా అదే అన్నారుగా! నువ్వేమన్నావు?"

"వచ్చే నెల మళ్లీ అడుగుతానన్నాను."