రెండు గుటకల మధ్య సర్వర్ పేరు మార్చిన వైనం

ఆదివారం మధ్యాహ్నం వరండాలో కుర్చీలు చాలక లిఫ్టు మెకానిక్ మెట్టు మీదే కూర్చున్నాడు. పక్కింటి టీచరమ్మకు టీ అందించి ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన బావమరిది గోడకానుకుని వింటున్నాడు.

"సర్వర్ పేరు మార్చడమంటే గుమ్మానికి బోర్డు మార్చడం అనుకుంటారు మీరు. కాదండీ. మా ఆఫీసులో ఒక్కో పెద్ద కంప్యూటర్ మిషన్ పొట్టలో వందేసి మిషన్లు ఉన్నట్టే నడిచేవి, మొత్తం నాలుగొందలు, వాటన్నిటికీ పెద్దదిక్కు ఈ సర్వర్. దీని పేరు మారిందా, దాన్ని గుర్తుపట్టే సర్టిఫికెట్లు 'నువ్వెవరో మాకు తెలీదు' అని మొహం తిప్పుకుంటాయి, సర్వీసులు ఒక్కోటీ అలిగి పడుకుంటాయి. నలుగురు నిపుణులొచ్చి, 'ముట్టుకోకండి బాబూ' అని దండం పెట్టి పోయారు. నేనేం చేశాను? ఒక గుటక టీ తాగాను, రెండో గుటకలోపు మార్చేశాను. ఒక్క సర్వీసు ఆగితే ఒట్టు!"

"రెండో గుటకలోపే?" అన్నాడు మెకానిక్.

"టీ ఇంకా నాలిక మీదే ఉందయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త పేరు నచ్చి నాలుగొందల మిషన్లూ రెట్టింపు వేగంతో పరిగెత్తాయి. వీధవతలి ఆఫీసు సర్వర్ 'నాకూ ఓ పేరు పెట్టండి' అని తనంతట తనే ఉత్తరం రాసుకుంది. పైన పోయే ఉపగ్రహం మా మేడ మీద రెండు నిమిషాలు ఆగి మరీ చూసి పోయింది!"

"ఉపగ్రహానికి బ్రేకులుంటాయాండీ?" అంది టీచరమ్మ.

"ఆ రోజు వేసిందమ్మా! ఇంత జరిగినా ఆఫీసులో చీమక్కూడా తెలీలేదు."

"నిజమే బావా," అన్నాడు బావమరిది. "నాక్కూడా తెలీలేదు."

ఇంటాయన నవ్వు సగంలో ఆగిపోయింది.

బావమరిది టీచరమ్మ వైపు తిరిగాడు. "ఆ ఆఫీసులోనే రోజూ ఆ మిషన్లకి బ్యాకప్ కాపీ తీసేది నేనేనండీ. నా బ్యాకప్ ఆ సర్వర్‌ని పాత పేరుతోనే పిలుస్తూ కూర్చుంది. పలికే దిక్కు లేదు. దానికి ఒక్క మిషనూ కనబడలేదు కాబట్టి తప్పూ కనబడలేదు, అంతా బాగుందని పచ్చదీపం చూపిస్తూనే ఉంది. మూడు వారాలకి డిస్కు పోయింది. కాపీ లేదు. నిర్లక్ష్యం అని రాసిచ్చి నన్ను పంపేశారు. పదకొండేళ్ల ఉద్యోగం."

మెకానిక్ తల వంచుకున్నాడు.

"పేరు మార్చానని నాకో మాట చెప్పడం మర్చిపోయావు, పోనీ. మనిషన్నాక మరుపు ఉంటుంది. విచారణ రోజు నా పక్క కుర్చీలోనే ఉన్నావు కదా బావా?"

"ఉన్నాన్రా." ఇంటాయన గొంతు బాగా తగ్గింది. "'పేరు మార్చింది నేనే' అనాల్సింది, అంతే. ఇంత నోరున్నవాణ్ణి, ఆ రోజు పెగల్లేదు. చాలా తప్పు చేశాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇంకాస్త పెంచుతుంటాను, అందులో నువ్వు కనబడకుండా ఉండాలని."



"రేపు ఇంకో చోట ఇంటర్వ్యూ ఉంది," అన్నాడు బావమరిది. "పాత ఆఫీసులో నా సంగతి తెలిసినవాళ్ల నంబరు అడిగారు, నీదిచ్చాను. పొద్దున్నే ఫోన్ చేస్తారు. నా గురించి గొప్పగా ఏమీ చెప్పక్కర్లేదు బావా. జరిగింది జరిగినట్టు చెప్పు."